చేబదులు

నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి, పెదవుల మధ్య రెండు స్క్రూలు బిగపట్టి, కర్టెన్లాయన కిటికీ పైన గోడ మీద పెన్సిలుతో గుర్తు పెడుతున్నాడు. నోట్లో స్క్రూలున్నంతసేపూ ఆయన మాట్లాడడు, నవ్వడు, దగ్గొచ్చినా ఆపుకుంటాడు. ముప్పై ఏళ్ళ పనిలో ఒక్క స్క్రూ కూడా మింగలేదని అప్పుడప్పుడూ చెప్పుకుంటాడు. చెప్పుకోవడానికి అంతకన్నా పెద్ద సంగతులేవీ ఆయన దగ్గర లేవు కనుక విన్నవాళ్ళు కూడా మర్యాదకి అబ్బో అంటారు.

యాభై నాలుగేళ్ళుంటాయి. సన్నటి మనిషి, పొడుగు చేతులు, సుత్తి దెబ్బకి నల్లబడి మళ్ళీ తెల్లబడని ఎడమ బొటనవేలి గోరు. ఏళ్ళ తరబడి కిటికీల పైకి చూసి చూసి మెడ కాస్త వెనక్కి వాలిపోయింది. దాంతో వీధిలో నడుస్తుంటే తల ఎగరేసుకు పోతున్నట్టు ఉంటాడు. తెలియనివాళ్ళు ఆయన్ని పొగరుబోతనుకుంటారు. తెలిసినవాళ్ళకి మాత్రం, ఎవరైనా గట్టిగా ఓ మాటంటే రెండు రోజులు అన్నం సరిగ్గా తినడని తెలుసు.

ఆ ఇల్లు ఒక కొత్త జంటది. గోడలకి రంగు వాసన ఇంకా పోలేదు. అట్టపెట్టెలు సగం విప్పి, సగం విప్పక హాలంతా పరిచి ఉన్నాయి. ఆ అమ్మాయి ఒక పెట్టె మీదే కూర్చుని టీ తాగుతోంది. మొగుడు కిందనుంచి నిచ్చెన పట్టుకున్నాడు. పట్టుకోనక్కర్లేదని చెప్పినా వినలేదు, సొంతింట్లో మొదటి పని కదా, చెయ్యి పెట్టాలని సరదా.

"కిటికీ కంటే ఇంత పొడుగు రాడ్డెందుకండీ?" అని అడిగాడు.

కర్టెన్లాయన స్క్రూలు అరచేతిలోకి తీసుకున్నాడు. "రెండు పక్కలా జానెడు ఎక్కువ పెడితే కిటికీ పెద్దదనిపిస్తుంది బాబూ. కిటికీ పెద్దదైతే గది పెద్దదనిపిస్తుంది."

"అంటే మోసమన్నమాట," అంది అమ్మాయి.

"అందరూ అడిగి చేయించుకునే మోసమేనమ్మా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే అబ్బాయి చెప్పుకొచ్చాడు. "అసలు మా ఇల్లే ఒక మాయండీ. మేం చిల్లిగవ్వ కూడబెట్టలేదు. చేతిలోంచి కొంత కట్టాలంది బ్యాంకు. మా నాన్న సగం ఇచ్చాడు, మామగారు సగం ఇచ్చారు. మేం సంతకాలు పెట్టాం, అంతే." దాన్ని అతను సినిమా టికెట్లు ఎవరో కొనిపెట్టినట్టు చెప్పాడు. కర్టెన్లాయన మళ్ళీ స్క్రూలు నోట్లో పెట్టుకుని గోడకేసి తిరిగాడు. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చింది, దాంతోపాటు నవ్వు కూడా ఎలా వచ్చింది అని గోడని చూస్తూ ఆలోచించాడు. ఆయన విషయం కూడా అక్షరాలా అదే. పది రోజులుగా ఒక్క మనిషితో చెప్పలేకపోయాడు.

విషయం ఇది. ఆయనా, భార్యా ఇరవై ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నారు. మూడో అంతస్తులో వెనకవైపు రెండు గదులు, వంటగది, ఒక పొడుగాటి వరండా. ఇల్లుగలావిడ రిటైరైన టీచరు. చెల్లెలి దగ్గరకి వెళ్ళిపోతూ ఇల్లు అమ్మకానికి పెట్టింది. "ముందు మిమ్మల్నే అడుగుతున్నా. మీరు తీసుకుంటే సరే. నెలాఖరులోపు బ్యాంకు ఒప్పుకున్నట్టు కాగితం తెండి. లేకపోతే వేరేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు, మరి మీరు ఖాళీ చేయాల్సొస్తుంది," అని మెత్తగానే చెప్పింది. ఆ నెలాఖరు ఇవాళ.

బ్యాంకువాళ్ళు తొమ్మిది వంతులు మేమిస్తాం, పదో వంతు మీరు చూపించండి అన్నారు. ఆ పదో వంతు కర్టెన్లాయన దగ్గర లేదు. తాగి తగలేసింది లేదు, పేకాడింది లేదు. ఒకసారి నిచ్చెన మీంచి పడి మోకాలు విరిగింది, ఆరునెలలు పని లేదు. ఇంకోసారి భార్యకి కంటి ఆపరేషను. మిగతాదంతా తిండికీ అద్దెకీ ఎలా పోయిందో తెలియకుండా పోయింది. ఎందరి ఇళ్ళలోనో కిటికీలు కొలిచిన మనిషి, సొంతానికి ఒక్క కిటికీ కొనుక్కునేంత కూడా వెనకేసుకోలేదు. ఈ వయసులో అది చెప్పాల్సొచ్చినప్పుడు బ్యాంకు కుర్చీలో ఆయనకి చెవులు వేడెక్కిపోయాయి.

ఆ పదో వంతు ఇచ్చింది బావమరిది, భార్యకి తమ్ముడు.

రెండో కిటికీకి రాడ్డెక్కిస్తుండగా జేబులో ఫోను మోగింది. నోట్లో స్క్రూలు ఉండటంతో ఊఁ అన్నాడు. అవతల లోన్ల మేడమ్. కాగితాల్లో చిన్న ఇబ్బంది ఉంది, ఒకసారి రాగలరా అంది. ఊఁ అన్నాడు. ఇవాళే రావాలండీ, నాలుగులోపు అంది. ఊఁ అన్నాడు గానీ చేతిలో రాడ్డు ఒక పక్కకి ఒరిగిపోయింది.

*

లోన్ల మేడమ్‌కి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మర్యాదస్తురాలు. ఆయన కూర్చునేదాకా ఆగి, ఫైలులోంచి రూళ్ళ కాగితం ఒకటి తీసి ముందుకు జరిపింది. బావమరిది చేతిరాత ఆయనకి తెలుసు. ప్రతి అక్షరం గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా, ట్రేలో పేర్చిన బన్నుల్లా ఉంటుంది.

"మా బావగారికి ఈ సొమ్ము చేబదులుగా ఇచ్చాను. వారికి వీలైనప్పుడు ఇస్తారు. నాకేమీ తొందర లేదు."

"చూశారా," అంది మేడమ్. "చేబదులు అని రాశారు. అంటే అప్పు. అప్పు తెచ్చి చూపిస్తే మేం ఒప్పుకోకూడదండీ."

"అప్పు కాదమ్మా. చేబదులు."

"తేడా ఏంటండీ?"

తేడా ఆయనకి బాగా తెలుసు. అప్పంటే నోటుంటుంది, వడ్డీ ఉంటుంది, సాక్షులుంటారు. చేబదులంటే అయినవాళ్ళ మధ్య చేతిలోంచి చేతిలోకి పోయేది. ఇచ్చినవాడు అడగడు, తీసుకున్నవాడు మర్చిపోడు. తీసుకున్నవాడి పరువు ఎక్కడికీ పోదు. ఇదంతా లోపల వరసగా వచ్చింది గానీ నోటిదాకా వచ్చేసరికి, "అది అయినవాళ్ళ మధ్య ఉండేదమ్మా," అని మాత్రం అన్నాడు.

"తిరిగి ఇవ్వాలా, వద్దా?"

"ఇవ్వాలి."

"అయితే అప్పేగా." ఆమె నవ్వలేదు, అదొక్కటి నయం. "మీకు మొన్ననే చెప్పానుగా, బహుమతి అని రాయించమని?"

చెప్పింది. చెప్పిన మాట నిజం. బహుమతి అని రాయి అని బావమరిదితో అనడానికి ఆయనకే నోరు రాలేదు. బహుమతి చిన్నపిల్లలకిస్తారు, గెలిచినవాళ్ళకిస్తారు. తన ఇంట్లో పెరిగిన కుర్రాడి దగ్గర యాభై నాలుగేళ్ళవాడు బహుమతి పుచ్చుకోవడమేమిటి? అందుకని ఫోనులో, "ఏదో కాగితం కావాలట రా, నీకు తోచింది రాసివ్వు," అనేశాడు. వాడికి బావ పరువు తోచింది, అదే రాశాడు.

మేడమ్ అచ్చువేసిన నమూనా ఇచ్చింది. ఉన్నదున్నట్టు మీ బావమరిది సొంత చేత్తో రాసి సంతకం పెట్టాలి, నాలుగుకల్లా తీసుకొస్తే మీ మంజూరు కాగితం ఇవాళే ఇచ్చేస్తాను అంది. కర్టెన్లాయన మొదటి వాక్యం చదివాడు. "ఈ సొమ్ము బహుమతి మాత్రమే, దీన్ని తిరిగి ఇవ్వనవసరం లేదు." అక్కడితో చాలనిపించింది. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెన్సిలు వెనక దాచుకున్నాడు.

*

బావమరిది బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. పొట్టిగా, దిట్టంగా ఉంటాడు. ముంజేతుల మీద వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయి నున్నగా ఉంటాయి, కనుబొమల్లో ఎప్పుడూ కాస్త పిండి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "సగం ఇక్కడే కాలిపోయా, మిగతా సగం ఎవరికి పెడతా?" అంటాడు. పొయ్యికి పైన ఉన్న గదిలో పదిహేనేళ్ళుగా ఉంటున్నాడు. ఆ గదికి చలికాలం లేదు.

అంతకుముందు అక్క దగ్గరే ఉండేవాడు. తల్లి పోయాక పన్నెండేళ్ళవాణ్ణి అక్క తెచ్చుకుంది. ఈ దంపతులకి పిల్లలు లేరు, వాడే ఉన్నాడు. వరండాలో పడుకునేవాడు, అక్కడే చదువుకునేవాడు, చదువు అబ్బక అక్కడే ఊరికే కూర్చునేవాడు. ఇరవై మూడేళ్ళప్పుడు ఒకరోజు నలుగురు స్నేహితుల్ని పోగేసి వరండాలో నవ్వుతుంటే, పెద్ద ఆర్డరొకటి చేజారి చిరాగ్గా ఇంటికొచ్చిన బావ, "ఇది ఇల్లనుకున్నావా, సత్రమనుకున్నావా?" అన్నాడు. ఒక్కసారే, అదీ మరీ గట్టిగా కాదు. వాడు వారం తిరక్కుండా బేకరీ పైగదికి మారిపోయాడు. బేకరీలో గది ఊరికే ఇస్తున్నారక్కా అని చెప్పాడు. ఆ మాట ఆ తర్వాత ముగ్గురిలో ఎవరూ ఎత్తలేదు.

మొన్న పదో వంతు సంగతి అక్క చెప్పగానే, పదిహేనేళ్ళుగా దాచుకున్నదంతా తెచ్చి ఇచ్చాడు. అక్క మొహమాటపడితే, "నాకెందుకక్కా, నేనూ అక్కడికే వచ్చేస్తాగా," అన్నాడు. అక్క ఆ క్షణంలోనే వరండాకి చెక్కలు కొట్టించి గది చేయించేసింది, మాటల్లో. ఎన్నాళ్ళుంటాడు వాడు ఆ వేడిలో, తెచ్చేసుకుందామండీ అంది. కర్టెన్లాయన ఊఁ అన్నాడు. అప్పుడు నోట్లో స్క్రూలు కూడా లేవు.

ఒంటిగంటన్నరకి బేకరీకి వెళ్ళేసరికి బావమరిది పని ముగించుకుని, వెనక మెట్ల మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు.

"రా బావా. మెడ చూస్తే ఎవరో మంత్రిగారొస్తున్నారనుకున్నా."

"ఏరా, ఇవాళ ఎన్ని మాడ్చావు?"

"నువ్వొస్తావని తెలిస్తే ఒకటి దాచేవాణ్ణి."

ఎప్పుడూ ఉండే ఎకసెక్కాలే. కర్టెన్లాయన జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. "నువ్వు రాసింది కుదర్లేదట రా. ఇది చూసి, ఇలాగే రాయాలట," అన్నాడు, అటూ ఇటూ చూస్తూ.

వాడికి పైకి చదివితేగాని తలకెక్కదు. పిండి వేలు వరస కింద పెట్టి మెల్లగా చదివాడు. "ఈ సొమ్ము బహుమతి మాత్రమే, దీన్ని తిరిగి ఇవ్వనవసరం లేదు." ఆగి బావ వంక చూశాడు. "ఛీ, ఇదేం రాత బావా. నీకు నేను బహుమతివ్వడమేంటి? సిగ్గుగా ఉండదూ నీకు?"

"ఉంది," అన్నాడు కర్టెన్లాయన.

వాడు గబుక్కున తల దించుకుని రెండో వాక్యానికి వెళ్ళిపోయాడు. "ఆ ఇంటిపై నాకు గాని, నా వారసులకు గాని ఎలాంటి హక్కూ లేదు. సరేలే, నాకు వారసులెవరు." వేలు ఇంకో వరస దిగింది. "నేను ఆ ఇంటిలో నివాసం ఉండను."

ఇంకోసారి చదివాడు. ఈసారి పైకి చదవలేదు.

"ఇదేంటి బావా?"

కర్టెన్లాయన కాగితం తీసుకుని చూశాడు. వాక్యం ఉంది. మొదటి వాక్యం దగ్గర సిగ్గేసి మడతపెట్టినవాడు, మిగతా రెండూ చదివి ఉండాల్సింది. "బ్యాంకువాళ్ళ రూలేమో రా," అని నీళ్ళు నమిలాడు.

బావమరిది ఆయన మొహంలోకి చూశాడు. పొయ్యి మూత తీసి, రొట్టె పొంగిందో లేదో చూసేటప్పుడు అలా చూస్తాడు. ఆ చూపు దేనికోసమో కర్టెన్లాయనకి తెలుసు. 'ఎవడొచ్చి చూస్తాడురా, రాసి పారేసి నువ్వొచ్చెయ్.' అనాల్సింది అదొక్కటే. మాటలు వరసగా ఉన్నాయి, నోరు ఖాళీగానే ఉంది.

అనలేదు. బ్యాంకంటే భయం కొంత. కానీ అసలు కారణం భయం కాదు, అంతకన్నా నీచమైనది. డబ్బు తీసుకున్న రోజు నుంచీ ఆయనకి ఒకే ఊహ. పొద్దున్నే లేచి వరండాలోకి వెళ్తే ఈ మనిషి కాఫీ తాగుతూ కనిపిస్తాడు. రోజూ కనిపిస్తాడు. సొంతింట్లో రోజూ పొద్దున్నే తల దించుకోవాలి. ఇప్పుడీ వాక్యంతో ఆ బాధ తప్పిపోతుంది. తప్పు బ్యాంకుదవుతుంది, తనది కాదు. లోపల ఎక్కడో ఒక మూల అమ్మయ్య అనిపించింది. అలా అనిపించిందని ఆయనకి తెలిసింది. తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు.

బావమరిది, "పెన్నుందా?" అన్నాడు.

కర్టెన్లాయన జేబులో ఉన్నది గోడల మీద గుర్తులు పెట్టే పెన్సిలొక్కటే. అదిచ్చాడు.

"దీంతో రాస్తే చెల్లుతుందా?"

"చెల్లదనుకుంటా."

"గోడ మీద రాయడం కాదు బావా ఇది," అని నవ్వి, కౌంటర్లో అమ్మాయిని పెన్నడిగి తెచ్చుకున్నాడు. మెట్టు మీద పిండి తుడిచి, కాగితం పరిచి, మూడు వాక్యాలూ గుండ్రంగా రాశాడు. ఎక్కడా కొట్టివేతలు లేవు. నమూనాలో 'నా బావకు' అని ఉన్నచోట తను 'మా బావగారికి' అని రాశాడు. సంతకం పెట్టి ఊది ఆరబెట్టి ఇచ్చాడు.

"పైకి రా బావా, ఓ చెయ్యెయ్యాలి."

పైగదిలో రెండు మంచాలు. ఒకదాని మీద ఎవరిదో దుప్పటి. రెండోదాని మీద ఏమీ లేదు, నవారు మాత్రం కనబడుతోంది. దాని పక్కన ఒక రేకు పెట్టె, చుట్టి తాడుతో కట్టిన పరుపు.

"ఎక్కడికిరా ఇవన్నీ?"

"అక్క నీకు చెప్పలేదా? ఇవాళ సాయంత్రం వచ్చేద్దామనుకున్నాం. పొద్దున ఫోన్ చేసింది, వరండా కడిగానంది. నా మంచం కూడా వేరేవాడికిచ్చేశా." ఇదేమీ ఎత్తిపొడుపుగా అనలేదు. జేబులోంచి ఫోన్ తీసి ఓనరుకి చేశాడు. "సార్, అవతలి ఊళ్ళో మన కొత్త కొట్టుకి నన్ను వెళ్ళమన్నారుగా, వద్దన్నాను. వెళ్తాలెండి. ఇవాళే. ఆఁ, మూడింటి బస్సుంది." అవతల ఓనరు సంతోషించినట్టున్నాడు. వీడు కూడా సంతోషంగానే ఆఁ ఆఁ అన్నాడు.

"ఇవాళే ఎందుకురా?" అన్నాడు కర్టెన్లాయన. ఆ మాత్రం అడిగినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

"మరి రాత్రికెక్కడ పడుకోను బావా?"

దానికి జవాబు ఒక్కటే ఉంది, అది ఆయన దగ్గరే ఉంది. పెట్టె ఒక పక్క ఎత్తి పట్టుకున్నాడు. ఇద్దరూ మెట్లు దిగారు.

"అక్కకి ఓ మాట చెప్పి వెళ్ళరా."

"చెబితే ఈ కాగితం చింపేస్తుంది. నాకు తెలీదూ దాని సంగతి? రేపు అక్కణ్ణుంచి ఫోన్ చేస్తాలే. మంచి ఉద్యోగమొచ్చిందని చెప్పు. నిజమే కదా." పరుపు చుట్ట తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "అక్కడ మంచం, పరుపు వాళ్ళే ఇస్తారట. ఇది అక్కకిచ్చెయ్."

బస్సు చెప్పిన వేళకే వచ్చింది. పెట్టె పైకెక్కించి, మెట్టు మీద నిలబడి, బావమరిది వెనక్కి తిరిగాడు. "వెళ్తాను బావా," అన్నాడు. వెళ్ళొస్తాననాలి రా అని చెప్పడానికి కర్టెన్లాయన నోరు తెరిచాడు. ఎక్కడికి రావాలని అడిగితే ఏం చెప్పాలో తెలియక, "జాగ్రత్త," అన్నాడు. బస్సు కదిలింది. వాడు కిటికీ పక్క సీటు దొరకబుచ్చుకుని చెయ్యూపాడు. ఆ కిటికీకి సగం కర్టెను ఉంది, రింగులు రెండు ఊడి వేలాడుతోంది. ఇంత జరుగుతున్నా ఆయన కన్ను దాని మీదికే పోయింది.

*

పరుపు భుజాన వేసుకుని బ్యాంకులో అడుగుపెడితే గార్డు ఆపాడు. "ఏం పెద్దాయనా, రాత్రికి ఇక్కడేనా మకాం?" క్యూలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. కర్టెన్లాయన కూడా వాళ్ళతోపాటు నవ్వడానికి ప్రయత్నించాడు. మేడమ్ ముందు కూర్చుని పరుపుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు.

ఆమె కాగితం పూర్తిగా చదివింది. "ఇప్పుడు సరిగ్గా ఉందండీ. మంచివారండీ మీ బావమరిది. వెంటనే రాసిచ్చారు."

"అమ్మా, ఆ చివరి వాక్యం..."

"ఏ వాక్యమండీ?"

"ఇంట్లో ఉండకూడదని. కొన్నాళ్ళయ్యాక... ఎప్పుడైనా..."

"అది మామూలుగా అందరిచేతా రాయించేదేనండీ. ఇచ్చినవాళ్ళు రేపొచ్చి నా వాటా అని కూర్చోకుండా." గొంతు తగ్గించి, "చుట్టాలొచ్చి నాలుగు రోజులుంటే ఎవరొచ్చి చూస్తారండీ?" అని నవ్వింది.

బేకరీ మెట్ల మీద తను అనని ఆ మాట, ఒక్క అక్షరం అటూ ఇటూగా, బ్యాంకు మనిషే అనేసింది. మూడున్నరయింది. మూడింటి బస్సు ఈపాటికి ఊరు దాటి ఉంటుంది. కర్టెన్లాయన మంజూరు కాగితం రెండు చేతులా అందుకుని, దణ్ణం పెట్టి, పరుపు భుజానికెత్తుకుని బయటికొచ్చాడు. దారిలో ఇల్లుగల టీచరమ్మ ఉంటున్న చోటుకి వెళ్ళి కాగితం చూపించాడు. ఆవిడ సంతోషించింది. ఆ పరుపేంటని అడగబోయి మానేసింది.

*

మూడు అంతస్తులు ఎక్కేసరికి విరిగి అతికిన మోకాలు సలుపుతోంది. కుట్టుమిషను చప్పుడు రెండో అంతస్తు దాకా వినిపిస్తోంది. ఆయన కర్టెన్లు కొలుస్తాడు, ఆవిడ కుడుతుంది, ఇరవై ఆరేళ్ళుగా అదే వరస. మలుపు తిరుగుతుండగా మిషను ఆగింది. భార్య గుమ్మంలోకి వచ్చి కిందికి తొంగిచూసింది. ముందు ఆమెకి కనిపించింది పరుపు.

"వచ్చాడా?" అంది. ఆ గొంతులో పదిహేనేళ్ళు తగ్గిపోయాయి.

పైకెక్కి పరుపు గుమ్మం పక్కన దించాడు. ఆమె ఆయన వెనక మెట్ల వైపే చూస్తోంది, ఇంకొకరి అడుగులు ఇంకా పైకి రావాలన్నట్టు. లోపల వరండా కడిగి ఉంది. ఒక మూల తాడు కట్టి అడ్డంగా దుప్పటి వేసింది, చొక్కా తగిలించుకోవడానికి గోడకి మేకు కొట్టింది. మేకు కాస్త వంకరగా దిగింది.

"రాలేదు," అన్నాడు. "పరుపే వచ్చింది."

"అదేంటండీ? వాడేడీ?"

మంచి ఉద్యోగమొచ్చిందని చెప్పమన్నాడు వాడు. ఆ మాట చెబితే ఈ పూట గడిచిపోతుంది. కర్టెన్లాయన గడప మీద కూర్చుండిపోయాడు. మెడ ఎప్పటిలా పైకి నిలవలేదు. కాగితంలో ఏముందో చెప్పాడు. వాడు ఎలా చదివాడో, ఎలా రాశాడో చెప్పాడు. బస్సు సంగతి చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడే వింది.

"మరి మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"రమ్మనలేదూ?"

"అనాల్సింది. వాడు చూశాడు, నేనంటానేమోనని. అనలేదు. వాడు వస్తే రోజూ వాడి మొహం చూడాలనిపించింది. అందుకని ఊరుకున్నా."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన తన గురించి ఇంత చెడ్డగా ఎప్పుడూ చెప్పుకోలేదు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె తిట్టలేదు. తమ్ముడికి ఫోన్ చేసింది, అది మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. బస్సు చప్పుడుకి వినబడదేమో అని తనలో తనే అనుకుని ఫోను పక్కన పెట్టింది.

"ఇల్లొచ్చిందా?" అని అడిగింది చివరికి.

"వచ్చింది."

ఆమె వంగి పరుపు చుట్టని రెండు చేతులా ఎత్తుకుంది. ఆయన లేవబోతే వద్దంది. వరండాలోకి తీసుకెళ్ళి, దుప్పటి పక్కకి తప్పించి, కడిగిన మూలలో గోడకి ఆనించి, లోపలికి వచ్చి మిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. కర్టెన్లాయన గడప మీదినుంచే చూశాడు. దూరం పోయేవాళ్ళు తాడు రెండు మూడు చుట్లు చుట్టి, మెలేసి బిగిస్తారు. వాడు దాన్ని ఒకే చుట్టు చుట్టి, రాత్రికి ఇక్కడ ఒక్క లాగుతో ఊడి వచ్చేలా జారుముడి వేశాడు. ఆ ముడి అలాగే ఉంది, తాడు కొస చేతికి అందేలా బయటికే వేలాడుతోంది.